అష్టమి చంద్రుడే అందగాడు!

చంద్రుణ్ణి ఫొటో తీయాలనగానే అందరికీ పౌర్ణమే గుర్తొస్తుంది. టెలిస్కోపుకి ఫిల్ము కెమెరా తగిలించి తీసేవాళ్ళని అడిగి చూడండి... పౌర్ణమి నాడు కెమెరా బీరువాలోనే ఉండనిస్తామంటారు! ఆ రోజు ఎండ చంద్రుడి మీద సరిగ్గా ఎదురుగా పడుతుంది. నీడలుండవు. నీడ లేకపోతే గుంటా కొండా తేడా తెలీదు, అప్పడంలా చదునుగా వస్తాడు. అదే శుద్ధ అష్టమి నుంచి దశమి దాకా చూడండి. వెలుగూ చీకటీ కలిసే అంచున ఎండ ఏటవాలుగా పడి ప్రతి గుంట నీడా పొడుగ్గా సాగుతుంది. దశమి దగ్గర్లో 93 కిలోమీటర్ల వెడల్పున్న కోపర్నికస్ బిలం ఆ అంచు పక్కనే ఉంటుంది. అష్టమి, నవమి మంచి పనులకు పనికిరావంటారు గానీ, ఈ పనికి మాత్రం అవే ముహూర్తాలు. పైగా అర్ధరాత్రి దాకా ఉంటాడు కాబట్టి వంటిల్లు సర్దుకుని డాబా ఎక్కినా అందుతాడు.

చూసి నొక్కేసే చిన్న కెమెరా కాదు, లెన్సు ఊడదీయడానికి వీలైనది కావాలి. పెంటాక్స్ కె1000 లాంటి పాతవి సెకండ్‌హ్యాండులో ఇప్పటికీ దొరుకుతున్నాయి. లెన్సు తీసేసి, టీ-రింగు సాయంతో కెమెరాని టెలిస్కోపుకి మనం కన్ను పెట్టే చోట బిగిస్తే, టెలిస్కోపే లెన్సు అయిపోతుందన్నమాట. దాని ఫోకల్ లెంగ్త్‌ని 110తో భాగిస్తే ఫిల్ము మీద చంద్రుడి సైజు తెలుస్తుంది. 1000 మిల్లీమీటర్లకి 9 మిల్లీమీటర్లు, శనగగింజంత. 2000 అయితే 18. ఫ్రేము ఎత్తు 24 కాబట్టి నిండుగా కూర్చుంటాడు.

అసలు తిరకాసంతా వెలుతురుతోనే. రాత్రి కదా అని షట్టరు ఎక్కువసేపు తెరిచారో, తెల్ల ముద్దే! మనకి రాత్రి గానీ అక్కడ పట్టపగలు. ఎండలో ఉన్న బండరాయిని తీస్తున్నామనుకోవాలి. ఎఫ్/8 టెలిస్కోపు, 100 స్పీడు ఫిల్ము అయితే పౌర్ణమికి సెకనులో 250వ వంతు, అష్టమికి 60వ వంతు దగ్గర మొదలుపెట్టొచ్చు. సగం చంద్రుడి వెలుగు పౌర్ణమి వెలుగులో సగం కాదు మరి, దాదాపు పదో వంతే! కాబట్టి మూడు నాలుగు రకాలుగా తీసి, ఏ ఫ్రేముకి ఎంతసేపో పాలలెక్క రాసినట్టు చీటీలో రాసుకోవాలి. రోలు కడిగించేదాకా ఏమొచ్చిందో తెలీదు, ఫిల్ము ధరా ఇప్పుడు తక్కువేం కాదు.

షట్టరు నొక్కగానే కెమెరాలో అద్దం టప్పున లేస్తుంది, ఆ అదురుకి బొమ్మ చెదురుతుంది. దానికి వేలి అదురు కూడా తోడవకుండా కేబుల్ రిలీజుతో నొక్కాలి. బొమ్మ ఇంకా పెద్దగా రావాలని మధ్యలో ఐపీసు పెడితే వెలుగు పలచబడి అర సెకనో, సెకనో పడుతుంది. మోటారుతో తిరిగే స్టాండు ఉంటేనే దీని జోలికి వెళ్ళాలి. అప్పుడు నల్ల అట్టముక్క టెలిస్కోపు మూతికి తగలకుండా అడ్డం పట్టుకుని, షట్టరు తెరిచి, అదురు తగ్గాక అట్టని చటుక్కున తీసి మళ్ళీ అడ్డం పెడతారు. పాత చిట్కాయే, భలే పనిచేస్తుంది.

సెల్‌ఫోన్లో నొక్కితే రావట్లేదా అంటారా? కొన్ని ఫోన్లు తమకి ముందే తెలిసిన చంద్రుడి గుర్తులను బట్టి బొమ్మని తామే దిద్దేస్తాయి. ఫిల్ము మీద ఉన్నది మాత్రం ఆ రాత్రి మన డాబా మీద పడ్డ వెలుగే.

1840లో న్యూయార్కులో జాన్ విలియం డ్రేపర్ చంద్రుణ్ణి తీసినప్పుడు, వెండి పూత రేకు మీద ఆ వెలుగు పడటానికి 20 నిమిషాలు పట్టింది. ఆయన డాక్టరు చదువు సాగింది అక్క డొరొతీ కేథరిన్ బొమ్మలు గీయడం నేర్పి సంపాదించిన డబ్బుతో. ఆ రోజుల్లోనే ఎండలో కదలకుండా కూర్చుని తమ్ముడి చేత ఫొటో తీయించుకున్నదీ ఆవిడే. చంద్రుడి ఫొటో చరిత్రలో తమ్ముడి పేరే కనిపిస్తుందనుకోండి!

కడిగించేటప్పుడు ఒక్క మాట. ప్రింట్లు వేసే మిషను నల్లటి ఆకాశాన్ని చూసి ఫొటో చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచేస్తుంది. ఆకాశం బూడిదరంగుకి తిరిగి, చంద్రుడి మీద మచ్చలు మాయమవుతాయి. ‘ఆకాశం నల్లగానే ఉండనివ్వండి’ అని కవరు మీదే రాసివ్వండి. రోలు మొదటి ఫ్రేములో ఇంట్లోవాళ్ళని ఎవరినైనా పగలే తీసి ఉంచండి. అన్నీ చీకటి ఆకాశాలే అయితే ఫ్రేము ఎక్కడ మొదలవుతుందో తెలీక, నెగెటివ్ కత్తిరించే అబ్బాయి చంద్రుణ్ణి రెండు ముక్కలు చేసి చేతిలో పెడతాడు సుమా!