బండిచక్రము చెప్పిన దూరము

బండిచక్రము ఎన్నిమారులు తిరిగినదో దినమంతయు లెక్కించిన మనుష్యుని కథ యొకటి అమెరికా చరిత్రలో గలదు.

మార్మనులను క్రైస్తవశాఖవారు పరుల ద్వేషమునకు తాళలేక, 1847వ సంవత్సరము ఏప్రిలు మాసమున, మిస్సోరీనది యొడ్డునగల వింటర్ క్వార్టర్సు నుండి పడమరగా క్రొత్తచోటు వెదకికొనుచు బయలుదేరిరి. మొదటి జట్టులో పురుషులు 143 మంది, స్త్రీలు మువ్వురే. వెనుక వేలకొలది జనము రావలసియుండెను. ఆ వచ్చు గృహిణులకు వలసినది ఊరెంతదూర మనుట మాత్రమే కాదు. నీరెక్కడ, గడ్డి యెక్కడ, వంటచెరకెక్కడ అనునది. చెట్టులేని మైదానములలో అడవిదున్నల యెండుపేడయే పొయ్యిలోనికి దిక్కు. మన పిడకలను జూచి నవ్వువారు ఈ మాట వినవలెను.

జట్టులో విలియం క్లేటను అను లేఖకుడుండెను. నడచిన దూరమును తలకొకరీతి నంచనావేయుచుండగా, అవి నిజమునకు మించిన లెక్కలని ఆయనకు తోచెను. చక్రపు చుట్టుకొలత 14 అడుగుల 8 అంగుళములు. అనగా 360 చుట్లకు సరిగా ఒక మైలు. గురుతుకై చక్రమునకు ఎఱ్ఱగుడ్డ కట్టి, మే 8వ తేదీని 4,070 చుట్లు లెక్కించెను. పదునొకండుంబావు మైళ్లు! పాలలెక్కకు గోడపై గీతలు గీచు మనకిది వింతగాదు గాని, నాలుగువేల గీతలెవరు గీయగలరు?

పిమ్మట ఆర్సను ప్రాటు ఉపాయము చెప్పగా, ఆపిల్టను హార్మను అను వడ్రంగి కొయ్యతో పండ్లచక్రముల యంత్రము చేసెను. బండిచక్రము ఆరుమారులు తిరిగిన మరయొకమారు తిరుగును; ఆ మర అరువది పండ్ల చక్రమును త్రిప్పును. ఆరరువదులు మూడువందల యరువది. గుణకారము నేర్పుటకు ఇంతకంటె మంచి లెక్క దొరకదని మావారందురు.

నలోపాఖ్యానమున ఋతుపర్ణుని యుత్తరీయము జారిపడగా, అదప్పుడే యోజనము వెనుకబడినదని బాహుకుడనెను. రథమునకా మాట చాలును. చంటిబిడ్డతో ఎద్దులబండి వెంట నడచు తల్లికి చాలదు. వచ్చు నీటిపట్టు ఎన్నిమైళ్లో తెలిసిననే ఆమె పీపా ముందుగా నింపుకొనును.

క్లేటను కొలతలు 1848లో సెయింటు లూయీసున పుస్తకముగా అచ్చయ్యెను. వాగులు, రేవులు, బసలు, వాని నడుమ మైళ్లు అన్నియు నందు గలవు. వింటర్ క్వార్టర్సునుండి సాల్టులేకు నగరమునకు 1,031 మైళ్లు. మొదటిజట్టు జూలై 24 నాటికి చేరెను, మూడుమాసములకు మించినది. నేడు వింటర్ క్వార్టర్సు ఓమహా నగరములో గలిసిపోయినది. అచ్చటినుండి సాల్టులేకు నగరమునకు రాచబాట సుమారు 930 మైళ్లు; కారులో పదునాలుగు గంటల ప్రయాణము. దారిలో పేడ యేరవలసిన పనియు లేదు.