గట్టు దాటని రొమ్ము కేన్సరు: ఏది దాటును?

గోదావరి వరద దినములలో ఏటిగట్టు కావలి కాయువారికి ఊటలు క్రొత్త కావు. గట్టు అడుగున పలుచోట్ల నీరు ఊరును. కొన్ని ఊటలు తమంతట ఆగును. ఏదో యొకటి గండిగా మారును. 1986 ఆగస్టు వరదలో పడిన గండ్లను పెద్దలు మరచియుండరు. ఏ ఊట గండి యగునో ముందుగా చెప్పుటయే కష్టము. రొమ్ము కేన్సరు విషయమున వైద్యులకు గల చిక్కు గూడ ఇట్టిదే.

రొమ్ములో పాలు ప్రవహించు సన్నని నాళములు కలవు. ఒక్కొక్కప్పుడు నాళము లోపలనే కణములు కేన్సరు రూపము దాల్చును గాని, దాని గోడను దాటవు. దీనిని వైద్యులు డి.సి.ఐ.ఎస్. అందురు. ఇది తరచుగా చేతికి తగులదు. మామోగ్రామ్ అను ఎక్స్‌రే పరీక్షలో కాల్షియం చుక్కలుగా కనబడును. గోడ దాటిన కేన్సరు మాత్రము చంకలోని గ్రంథులకును, దూరపు అవయవములకును ప్రాకగలదు.

ఇట్టివానిలో అనేకము ఎన్నటికిని గోడ దాటవు. సూక్ష్మదర్శినిలో కణముల రూపము ఎంత వికృతముగ నున్న అపాయ మంత యెక్కువ. అయినను ఈ గుర్తొక్కటే చాలదు. అందుచే నేడు దాదాపు అందరికిని శస్త్రచికిత్స చేయుచున్నారు. అక్కరలేని వారికిని కోత తప్పుటలేదు.

దీనిని తగ్గింపవచ్చునా యని అమెరికాలో అపాయము తక్కువగా గల 957 మంది స్త్రీలపై కామెట్ అను పరిశోధన జరిగినది. 2024 డిసెంబరులో ప్రకటించిన ఫలితముల ప్రకారము, రెండేండ్లలో గోడ దాటిన కేన్సరు శస్త్రచికిత్స వర్గమున నూటికి 5.9 మందికిని, కనిపెట్టియుంచిన వర్గమున 4.2 మందికిని బయటపడినది. కనిపెట్టియుంచుట యనగా ఊరకుండుట కాదు. ఆరు నెలల కొకసారి మామోగ్రామ్ తీయుట. రెండేండ్లు స్వల్పకాలమే గనుక పరిశీలన ఇంకను సాగుచున్నది.

మన పల్లెలలో పెక్కుమంది గడ్డ తగిలిన పిదప గూడ సిగ్గుచేతనో, భయముచేతనో ఆలసించుచున్నారు. 1998లో ముంబయి టాటా స్మారక ఆస్పత్రి ఆరంభించిన దీర్ఘ పరిశోధనలో, శిక్షణ పొందిన స్త్రీలు రెండేండ్ల కొకసారి చేతితో పరీక్షించిరి. ఏబది యేండ్లు దాటినవారిలో రొమ్ము కేన్సరు మరణములు సుమారు నూటికి 30 వంతులు తగ్గినవి.

ఇట్టి పరీక్ష 30 యేండ్లు నిండిన స్త్రీలకు ఆరోగ్య ఉపకేంద్రములలో ఏర్పాటై యున్నది. పంచాయతీ సభ్యులు, ముఖ్యముగా మహిళా సభ్యులు, ఏ.ఎన్.ఎం., ఆశా కార్యకర్తలతో కలిసి ఈ సంగతి ఇంటింట తెలుపవలెనని కోరుచున్నాము. గడ్డ, చనుమొన లోనికి లాగుకొనుట, నెత్తురు కారుట కనబడినచో వెంటనే వైద్యుని కడకు పంపవలెను. “గోడ దాటలేదు” అని నివేదిక వచ్చినవారు బెదరనక్కరలేదు. కాని ఇంట కూర్చుండరాదు. చికిత్సయో, కనిపెట్టియుండుటయో వైద్యుడే నిర్ణయింపవలెను.