శిల్పి ఉలి దించిన పిమ్మట

హైదరాబాదు నగరమునకు పోయినవారిలో హుస్సేన్ సాగరు నడుమ నిలిచియున్న బుద్ధ విగ్రహమును చూడక మరలివచ్చువారు అరుదు. సాయంకాలమున దాని నీడ నీటిమీద పడినప్పుడు చూపరులు శిల్పి నేర్పును వేనోళ్ల కొనియాడుదురు. అది యుక్తమే. కాని ఆ విగ్రహమును చెక్కుట ఒక పని. చెక్కిన చోటినుండి దానిని కదల్చి, చెరువు నడుమకు చేర్చి, పీఠముపై నిలుపుట మఱియొక పని. మొదటి పని ఎవరిదని అడుగువారు పెక్కుమంది కలరు. రెండవదానిని గూర్చి అడుగువారే కానరారు.

ఈ రెండవ పని నేడు ఒక ప్రత్యేక వృత్తిగా ఏర్పడినది. చిత్రములు, శిల్పములు, కుడ్యచిత్రములు మొదలగు వాటిని చేయించువారికి సలహా నిచ్చి, పని మొదలుకొని ముగియువరకు అన్ని ఏర్పాట్లను చూచువారిని కళా సలహాదారులనియు, ప్రాజెక్టు మేనేజర్లనియు పిలుచుచున్నారు. పేరు క్రొత్తదే గాని పని క్రొత్తది కాదు. మయమతము, మానసారము మొదలగు ప్రాచీన గ్రంథములు నాలుగు విధములైన పనివారిని పేర్కొనుచున్నవి. వారు స్థపతి, సూత్రగ్రాహి, తక్షకుడు, వర్ధకి. తక్షకుడు ఉలి పట్టి చెక్కువాడు. వర్ధకి భాగములను కూర్చువాడు. సూత్రగ్రాహి కొలనూలు పట్టి కొలతలు సరిచూచువాడు. వీరందరిని నడపువాడు స్థపతి. ఉలి పట్టినవాడొక్కడే పనిని పూర్తిచేయలేడని మన పూర్వులు గుర్తించిరన్నమాట.

పాశ్చాత్య దేశములందును ఇట్లే జరిగెను. ఇటలీ దేశమునందలి ఫ్లోరెన్సు నగరమున మైకెలాంజెలో అను శిల్పి పదునేడడుగుల ఎత్తుగల డేవిడ్ విగ్రహమును పాలరాతితో చెక్కుచుండెను. పని ముగియవచ్చినప్పుడు దానిని ఎచ్చట నిలుపవలెనను ప్రశ్న పుట్టెను. 1504 జనవరి 25వ తేదీన నగర పెద్దలు సుమారు ముప్పదిమంది కళావేత్తలను సమావేశపరచి సలహా అడిగిరి. లియొనార్డో డావించి, బొట్టిచెల్లి వారిలోనివారే. ఆ పాలరాయి మెత్తనిది, ఎండవానలకు ఓర్వజాలదు, కావున కప్పు క్రింద నుంచవలెనని జూలియానో ద సంగాల్లో అను వాస్తుశిల్పి చెప్పెను. లియొనార్డో ఆ మాటను సమర్థించెను. అయినను పెద్దలు దానిని రాజభవనపు వాకిట బయటనే నిలిపించిరి. నలువదిమందికి పైగా మనుష్యులు, క్రొవ్వు పూసిన దూలములపై జరుపుచు, నాలుగు దినములు శ్రమపడి ఆ విగ్రహమును అచ్చటికి చేర్చిరి. రాత్రివేళ కొందరు దానిపై రాళ్లు రువ్వుటచే కావలి కూడ పెట్టవలసివచ్చెను. కడకు 1873లో ఆ విగ్రహమును వీథినుండి తొలగించి ఒక భవనము లోపలికి చేర్చిరి. సంగాల్లో సలహా నెరవేరుటకు 369 సంవత్సరములు పట్టినది! వినకపోవుట సలహాదారుని దోషము కాదు గదా.

ఇక హైదరాబాదు బుద్ధుని కథకు వత్తము. 1983లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రియైన నందమూరి తారక రామారావు, న్యూయార్కు నౌకాశ్రయమునందలి స్వేచ్ఛాదేవత విగ్రహమును చూచి, తమ రాజధానియందును అట్టి మహావిగ్రహ మొకటి ఉండవలెనని సంకల్పించెను. ఇచ్చట ఒక భేదమును గమనింపవలెను. స్వేచ్ఛాదేవత రాగిరేకులతో చేసినది. దానిని 350 భాగములుగా విప్పి, 214 పెట్టెలలో సర్ది, 1885లో ఫ్రాన్సునుండి ఓడపై అమెరికాకు తీసికొనిపోయిరి. తారక రామారావు కోరినది అట్టిది కాదు. ఒకే రాతిలో, అతుకు లేకుండ మలచిన విగ్రహము. ఈ ఒక్క మాటతో పని స్వభావమే మారిపోయినది. విప్పదగిన దానిని ముక్కముక్కగా మోయవచ్చును. ఒక ముక్క చెడినచో మఱియొక ముక్కను చేసికొనవచ్చును. ఏకశిలను ఒక్కుమ్మడిగానే ఎత్తవలెను, ఒక్కుమ్మడిగానే దింపవలెను. అందు పొరపాటునకు చోటు లేదు.

తగిన రాయి భువనగిరికి సమీపముననున్న రాయగిరి వద్ద దొరికినది. 1985లో గణపతి స్థపతి నాయకత్వమున సుమారు నలువదిమంది శిల్పులు పనికి పూనుకొనిరి. తెల్లని గ్రానైటు రాతిలో 58 అడుగుల విగ్రహము రూపు దాల్చినది. దాని బరువు సుమారు 350 టన్నులు. రాయగిరి హైదరాబాదునకు సుమారు 60 కిలోమీటర్ల దూరమున నున్నది.

350 టన్నుల రాయి అరువది కిలోమీటర్లు ఎట్లు ప్రయాణము చేయును? 1988లో దానిని 192 చక్రములుగల ఒక వాహనముపై తీసికొనివచ్చిరి. అన్ని చక్రము లెందులకని సందేహము కలుగవచ్చును. 350ని 192చే భాగించినచో ఒక్కొక్క చక్రముపై పడు రాతిబరువు రెండు టన్నులకు కొంచెము తక్కువ. వాహనపు బరువు దీనికి అదనము. అదే బరువును ఇరువది చక్రములపై మోపినచో ఒక్కొక్కదానిపై పదిహేడు టన్నులకు మించి పడును. అప్పుడు బాట క్రుంగును, వంతెన బీటలువారును. కావున బండి కదలుటకు ముందే బాట పొడవున ప్రతి వంతెనయు ఎంత బరువునకు ఓర్చునో, ప్రతి మలుపును ఎంత వెడల్పున్నదో కొలిచి వ్రాసికొనవలెను. ఒక చెట్టుకొమ్మయు, ఒక విద్యుత్తు తీగయు లెక్కకు రావలసినవే. ఇది ఉలితో చేయు పని కాదు. కొలనూలుతోను, కాగితముపైనను చేయు పని. సూత్రగ్రాహి పని.

విగ్రహము చెరువుగట్టునకు చేరినది గాని వెంటనే నీటిని దాటలేదు. 1989 చివర రాష్ట్రమున ప్రభుత్వము మారినది. 1990 మార్చి 10వ తేదీన విగ్రహమును ఒక పంటుపై, అనగా చదునైన పెద్ద పడవపై ఎక్కించి, చెరువు నడుమనున్న బండవైపు నడిపించిరి. గట్టు విడిచి ఎంతో దూరము పోకమునుపే పంటు ఒరిగినది. విగ్రహము జారి నీటిలో పడినది. పదిమంది వరకు మృతి చెందిరి.

ధాన్యపు బస్తాలను పడవలో వేయువారు వాటిని అడుగున సమముగా పరతురు. ఒకవైపున పేర్చినను, ఎత్తుగా పేర్చినను పడవ నిలుకడ తప్పునని వారికి తెలియును. బరువు పెరిగిన కొలది, ఎత్తు పెరిగిన కొలది ఈ భయము హెచ్చును. ఒకమారు ఒరిగిన పడవపై బరువు జారుటకు మొదలిడెనా, ఆ జారుటయే పడవను మఱింత ఒరగజేయును. ఆపై ఎవరి బలమును దానిని ఆపజాలదు. అందుచేతనే ఇట్టి పనులందు నీటిపైకి పోవుటకు ముందు అంతే బరువుతో పరీక్ష జరుపుటయు, కదలుచున్న సరకు దరి ఒక్క మనిషి కూడ అనవసరముగా నిలువకుండ చూచుటయు ప్రధానములైన విధులు.

రెండు సంవత్సరములకు పైగా విగ్రహము చెరువు అడుగున పడియుండెను. పిమ్మట దానిని పైకి తీసి, 1992 డిసెంబరు 1వ తేదీన, ఇప్పుడున్న బండపై నిలిపిరి. గ్రానైటు గట్టిది గనుక నీటిచే చెడలేదు. ఇప్పటికిని చూపరులు ఆ ముఖము నందలి ప్రశాంతతను చూచి ఆనందింతురు. పోయిన ప్రాణములు మాత్రము పైకి రాలేదు.

అన్ని కళాఖండములును ఇంతటి బరువుగలవి కావు. ఒక చిత్రపటమును ఒక్క మనుష్యుడు చంకను పెట్టుకొని పోవచ్చును. అయినను దానికిని వేరు విధములైన భయములు కలవు. బట్టయు, కొయ్యయు గాలిలోని తేమను పీల్చి ఉబ్బును, ఎండినప్పుడు ముడుచుకొనును. పైనున్న రంగు అట్లు సాగలేక పగులును. అందుచే చిత్రములను మెత్తనివేసి కట్టిన చెక్కపెట్టెలలో పంపుదురు. పెట్టె క్రొత్త ఊరు చేరిన వెంటనే తెరువరు. అచ్చటి గాలికి అలవడునట్లు ఒక దినము అట్లే ఉంచుదురు. బయలుదేరుటకు ముందు పటముపై నున్న ప్రతి గీతను, ప్రతి మరకను వ్రాసి, ఛాయాచిత్రములు తీసి, చేరిన పిమ్మట వాటితో పోల్చి చూతురు. ఈ పట్టిక లేనిచో ఆ గీత ఎవరిచేత పడినదో తేల్చుట ఎవరి తరము? భీమా కూడ గోడకున్న మేకునుండి తీసినది మొదలు మరల అదే మేకునకు తగిలించువరకు వర్తించునట్లు చేయింతురు. దీపములకును లెక్క కలదు. కాంతిని లక్సు అను ప్రమాణముతో కొలుతురు. నీటిరంగుల చిత్రములకు 50 లక్సులు, తైలవర్ణ చిత్రములకు సుమారు 200 లక్సులు మించరాదని మ్యూజియములవారి వాడుక. ఎక్కువ వెలుతురులో బొమ్మ బాగుగా కనబడునన్నది నిజమే. కాని ఆ వెలుతురే దాని రంగులను కొద్దికొద్దిగా హరించును.

నేడు ఇట్టి పనులు మిక్కిలి పెద్ద ఎత్తున జరుగుచున్నవి. 2014లో ప్రారంభమైన ముంబయి విమానాశ్రయపు క్రొత్త భవనమున, రాజీవ్ సేఠీ పర్యవేక్షణలో, దేశపు నలుమూలలనుండి వచ్చిన వేలకొలది కళాఖండములను గోడల పొడవున అమర్చిరి. అట్టి చోట ఎవరికి ఎంత సొమ్ము ఎప్పుడు ముట్టవలెను, ఏ గోడ ఎంత బరువు మోయును, ఏది ముందు, ఏది వెనుక అను వ్యవహారము ఒక పెద్ద పెండ్లి నిర్వహించుటకంటె కష్టతరము.

వీటన్నిటిలోను జనులు తఱచుగా మరచునది ఒకటి కలదు. పని ముగిసి, ప్రారంభోత్సవము జరిగి, అందరును ఇండ్లకు పోయిన తరువాత ఆ కళాఖండమును చూచుకొనువా రెవరు? తుడుచువా రెవరు? భవనమును మార్చవలసివచ్చినచో దానిని ఏమి చేయవలెను? ఈ సంగతులను ఒడంబడికలోనే వ్రాయించుట సలహాదారుని కర్తవ్యము. వ్రాయించనిచో ఏమగునో ఢిల్లీలో జరిగిన ఒక వృత్తాంతము తెలుపును.

ఢిల్లీ నగరమున విజ్ఞాన భవనమున్నది. 1957లో కేంద్ర ప్రభుత్వము దాని గోడకొక శిల్పమును చేయవలసినదిగా అమర్‌నాథ్ సెహగల్ అను శిల్పిని కోరెను. ఆయన 140 అడుగుల పొడవు, 40 అడుగుల ఎత్తుగల కంచు శిల్పమును 1962 నాటికి పూర్తిచేసెను. 1979లో భవనమును మరమ్మతు చేయుచు, శిల్పికి తెలుపకయే దానిని గోడనుండి ఊడదీసి ఒక గిడ్డంగిలో పడవేసిరి. అందు కొన్ని భాగములు పోయినవి, కొన్ని చెడినవి. శిల్పి ఎన్నియో విన్నపములు పంపెను. ఫలితము కానక 1992లో ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించెను. సొమ్ము పుచ్చుకొన్న పిమ్మట శిల్పమునకు ప్రభుత్వమే యజమాని గదా, యజమాని తన వస్తువును ఏమి చేసిన నేమి అని కొందరికి తోచవచ్చును. కాని 1957 నాటి కాపీరైటు చట్టపు 57వ సెక్షను ప్రకారము, కళాఖండమును అమ్మివేసిన పిమ్మటను దానిని చెరుపకుండ కోరుటకు దాని కర్తకు హక్కు కలదు. 2005 ఫిబ్రవరి 21వ తేదీన న్యాయస్థానము శిల్పి పక్షమున తీర్పు చెప్పినది. మిగిలిన భాగములను ఆయనకు తిరిగి యిచ్చివేయవలెననియు, నష్టపరిహారముగా ఐదు లక్షల రూపాయలు చెల్లింపవలెననియు ఆదేశించినది. శిల్పమును గోడనుండి తీసినప్పుడు సెహగల్ వయస్సు 57 సంవత్సరములు. తీర్పు వచ్చునాటికి 83.