వేట ఆగినా మందు ఆగకూడదు
(బి.పి., షుగరు ఉన్నవారి కుటుంబ సభ్యులకు)

మీ నాన్నగారికో, అత్తగారికో, భర్తకో బి.పి. ఉన్నదని, లేక షుగరు ఉన్నదని డాక్టరు చెప్పిన రోజున మీరు అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "ఈ మందులు ఎన్నాళ్ళు వాడాల సార్?" అని. "ఎప్పటికీ వాడాలమ్మా" అనగానే మీ ముఖం చిన్నబోతుంది. జ్వరానికి అయిదు రోజులు మందు వాడి మానేయడం మనకు అలవాటు. బి.పి., షుగరు అలాంటివి కావు. మందు వాటిని అదుపులో పెట్టగలదు గాని, ఊరు దాటించి పంపలేదు. పంట చేనికి కాపలా ఉన్నట్లు రోజూ ఉండాలి. కాపలా లేని రాత్రే పశువులు చేలో పడతాయి.

మైపాడు, ఇందుకూరుపేట మండలంలోని తక్కిన సముద్రతీర గ్రామాల నుండి వచ్చే కుటుంబాలకు ఈ వ్యాసంలో ముఖ్యంగా చెప్పదలచినది ఒక్క విషయం. రోగి మందు మానేయడం ఊరికే జరగదు. దానికి మన ఊళ్ళలో కొన్ని కాలాలు, కొన్ని సందర్భాలు ఉన్నాయి. అవి ముందే తెలిసినవి. తెలిసినవి కాబట్టి ఇంట్లోవాళ్ళు ముందే జాగ్రత్తపడవచ్చు.

వేట లేని రోజులు

ప్రతి సంవత్సరం ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులు, మన తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం గనుక అది అవసరమే. కాని ఇంట్లోకి రాబడి తగ్గుతుంది. ఖర్చు తగ్గించుకోవాలంటే మొదట దేని మీద చేయి పడుతుంది? బియ్యం మానలేము, పిల్లల ఖర్చు ఆపలేము. "నాకు బాగానే ఉంది, ఈ నెల మాత్రలు వద్దులే" అంటాడు ఇంటి పెద్ద. ఇంటికోసమే అంటాడు పాపం. మీరూ ఊరుకుంటారు.

ఆయనకు నిజంగా బాగానే ఉంటుంది. చిక్కంతా అక్కడే. బి.పి. 180 ఉన్నా చాలామందికి తలనొప్పి కూడా రాదు. బాగుండటం మందు వలన వచ్చినదే గాని, జబ్బు పోవడం వలన వచ్చినది కాదు. మందు మానిన కొద్ది రోజులకే బి.పి. పాత స్థాయికి ఎక్కిపోతుంది. అలా ఎక్కి ఉన్న బి.పి. మెదడులోని నరాన్ని, గుండెను, మూత్రపిండాలను చప్పుడు లేకుండా దెబ్బ తీస్తుంది. రెండు నెలల మాత్రలకు మిగిలిన డబ్బు ఎంత? పక్షవాతం వస్తే మొదటి రోజు స్కానింగుకే అంతకంటె ఎక్కువ అవుతుంది. ఆ తరువాత మంచం మీద మనిషిని చూసుకోవడానికి ఇంట్లో ఒకరు పని మానుకోవాలి.

కనుక మార్చి నెలలోనే లెక్క వేసుకోండి. వేట నిషేధ కాలానికి ప్రభుత్వం మత్స్యకార కుటుంబాలకు ఇచ్చే సాయం 2025లో 20,000 రూపాయలకు పెరిగింది. అది చేతికి వచ్చిన రోజే రెండు నెలల మందుల డబ్బు పక్కన తీసి పెట్టండి. అసలు డబ్బే లేకపోతే మందు మానవద్దు, చోటు మార్చండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బి.పి., షుగరు మాత్రలు ఉచితంగా ఇస్తారు. మీ వీధికి వచ్చే ఆశా కార్యకర్తను అడగండి. 2008లో మొదలైన జన ఔషధి దుకాణాలలోను, ఇతర జెనరిక్ దుకాణాలలోను అదే మందు చాలా తక్కువ ధరకు దొరుకుతుంది. పేరు వేరుగా ఉన్నదని భయపడకండి. అట్ట మీద చిన్న అక్షరాలలో ఉండే మందు పేరు, మిల్లీగ్రాములు రెండూ చీటీలో ఉన్నట్లే ఉంటే అది అదే మందు. ఆరోగ్యశ్రీగా 2007లో మొదలై ఇప్పుడు ఎన్.టి.ఆర్. వైద్య సేవ అనే పేరుతో ఉన్న పథకం ముఖ్యంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సల కోసం. రోజూ మింగే మాత్రలకు అది ఉన్నది గదా అని కూర్చోకండి.

పడవలో ఉన్నప్పుడు

షుగరు ఉన్న మనిషి తెల్లవారుజామున వేటకు వెళ్తాడు. పొద్దున వేసుకోవలసిన మాత్ర నాలుగు గంటలకే వేసుకుని, ఏమీ తినకుండా పడవ ఎక్కుతాడు. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ తీసుకున్నవారు సమయానికి తినకపోతే షుగరు బాగా పడిపోతుంది. పైగా వల లాగే శ్రమ. చెమట, చేతుల వణుకు, గుండె దడ, చూపు మసక, మాట తడబాటు, ఊరికే కోపం. తోటివాళ్ళు తాగి వచ్చాడనుకుంటారు, లేదా కడుపులో తిప్పుతోందనుకుంటారు. నడి సముద్రంలో మనిషి తూలి నీళ్ళలో పడితే ఏమవుతుందో మీకు చెప్పనక్కరలేదు.

అందువలన మాత్ర ఎప్పుడు వేసుకోవాలో డాక్టరుతో మాట్లాడేటప్పుడు ఆయన వేటకు వెళ్ళే వేళ, తినే వేళ తప్పక చెప్పండి. చీటీ మీద "ఉదయం" అని రాస్తే అది ఆఫీసుకు వెళ్ళేవాళ్ళ ఉదయం. మీ ఇంటి ఉదయం వేరు. మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో గ్లూకోజు పొడి, బెల్లం ముక్కలు వేసి పడవలో ఉంచండి. తోటివాళ్ళకు కూడా ఆ డబ్బా ఎందుకో చెప్పండి. పైన చెప్పిన లక్షణాలు కనిపిస్తే, లేక పరీక్షలో షుగరు 70 కంటె తక్కువ ఉంటే, మూడు చెంచాల గ్లూకోజు లేక పంచదార నీళ్ళలో కలిపి తాగించాలి. పావుగంటలో తేరుకోకపోతే మళ్ళీ అంతే ఇవ్వాలి. తేరుకున్నాక అన్నమో, బిస్కట్లో తినిపించాలి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకండి. అది ఊపిరితిత్తులలోకి పోతుంది. వెంటనే 108కి ఫోను చేయండి. ఖాళీ కడుపుతో సారాయి తాగితే కూడా ఇలాగే షుగరు పడిపోతుందని గుర్తుంచుకోండి.

ఉపవాసాల సంగతి కూడా ఇదే. లెంటు దినాలైనా, కార్తీక సోమవారాలైనా, రంజాను అయినా, ఉపవాసం ఉండదలచిన షుగరు రోగి ముందు డాక్టరు దగ్గరకు రావాలి. మందు మోతాదు, వేళ మార్చవలసి ఉంటుంది. కొందరికి ఉపవాసం వద్దనే చెబుతాము. ప్రార్థన చేయించుకున్నాము గనుక మాత్రలు ఆపేశామని చెప్పేవారు కూడా ఉన్నారు. ప్రార్థన చేయండి, ఎవరూ వద్దనరు. మాత్ర వేసుకుని చేయండి.

పాదాలు

ఈ విషయం కాస్త విడమరచి చెప్పాలి. ఎందుకంటే మన తీరంలో పాదాలకు వచ్చే ప్రమాదం ఎక్కువ. షుగరు చాలాకాలం ఉన్నవారికి పాదాలలో స్పర్శ తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం ఇసుక మీద చెప్పులు లేకుండా నడిచినా కాలినట్లు తెలియదు. బొబ్బలు లేచిన తరువాత ఇంట్లోవాళ్ళు చూసి అరిస్తే గాని తెలియదు. వల బాగుచేసేటప్పుడు గుచ్చుకున్న చేప ముల్లు, రొయ్యల గుంటలో దిగినప్పుడు కోసుకున్న గుల్ల, ఇవన్నీ నొప్పి లేకుండానే పుండవుతాయి. నొప్పి లేదు గనుక పట్టించుకోరు. చీము పట్టి, నల్లబడి, వాసన వచ్చాక ఆసుపత్రికి వస్తే అప్పుడు వేలు, కొన్నిసార్లు కాలే తీసివేయవలసి వస్తుంది.

రాత్రి భోజనమైన తరువాత ఒక్క నిమిషం. దీపం దగ్గర కూర్చోబెట్టి, పాదం అడుగు, వేళ్ళ సందులు మీరే చూడండి. ఆయనకు వంగి చూసుకోవడం కష్టం, చూపు కూడా తగ్గి ఉండవచ్చు. ఈ పని మనవడికో మనవరాలికో అప్పగిస్తే ఇంకా మంచిది, తాత వాళ్ళ మాట కాదనడు. రోజూ మంచినీళ్ళతో కడిగి, వేళ్ళ సందులు తుడవండి. ఆనెలను బ్లేడుతో కోయకండి. కాళ్ళకు వేడి నీళ్ళు పోసేముందు వేడి మీ చేత్తో చూడండి. పుండు ఎంత చిన్నదైనా, నొప్పి లేకపోయినా, రెండు రోజులలో మానే దారి పట్టకపోతే చూపించండి.

కూర, కోపం

ఎండుచేప లేకుండా ముద్ద దిగదనే ఇళ్ళు మనవి. బి.పి. ఉన్నవారికి అదే చేటు. రోజుకు మనిషికి అయిదు గ్రాముల లోపు, అంటే సుమారు ఒక చిన్న చెంచా ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఉప్పుచేప ముక్క, ఊరగాయ, అప్పడం కలిస్తే కూరలో ఉప్పు వేయకముందే ఆ లెక్క దాటిపోతుంది. ఎండుచేపను నీళ్ళలో నానబెట్టి, నీళ్ళు మార్చి వండితే ఉప్పు కొంత పోతుంది గాని అంతా పోదు. పచ్చి చేప దొరికే ఊరు మనది, పులుసు పచ్చి చేపతో పెట్టుకోండి. రోగికి వేరే కూర వండకండి. వేరు పెడితే వారం తరువాత ఆయన చేయి మీ గిన్నెలోకే వస్తుంది. అందరికీ ఉప్పు తగ్గించండి. పదిహేను రోజులు చప్పగా ఉంటుంది, తరువాత నాలుక సర్దుకుంటుంది. బజారులో దొరికే తక్కువ సోడియం ఉప్పును మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా వాడరాదు.

మరొకటి. రోజంతా "అది తినొద్దు, ఇది తినొద్దు" అని వెంటబడితే మనిషి దాచిపెట్టి తింటాడు. మాత్ర వేసుకోకుండానే వేసుకున్నానంటాడు. ఓ.పి.లో మేము చూసేది ఇదే: భార్య ఫిర్యాదు చేస్తుంది, భర్త నేల చూస్తాడు. ఎందుకు మానేశారని నెమ్మదిగా అడిగితే అసలు కారణం బయటికి వస్తుంది. ఆమ్లోడిపిన్‌తో కాళ్ళ వాపు వచ్చిందనో, ఎనలాప్రిల్‌తో పొడి దగ్గు పట్టిందనో, మెట్‌ఫార్మిన్‌తో కడుపు చెడిందనో. వీటన్నిటికీ దారి ఉన్నది, మందు మార్చవచ్చు, మోతాదు మార్చవచ్చు. చెప్పకుండా మానేయడమే తప్పు. గుండెకు ఇచ్చే అటెనోలాల్ వంటి మాత్రలు, స్టెంటు వేయించుకున్నవారి రక్తం పలచబరచే మాత్రలు, మూర్ఛ మాత్రలు హఠాత్తుగా ఆపితే ప్రాణానికే ముప్పు. ఒక పూట బి.పి. మాత్ర మరచిపోతే గుర్తు వచ్చినప్పుడు వేసుకోవచ్చు. మరునాడు మాత్రం రెండు కలిపి వేసుకోకూడదు.

ఒళ్ళు నొప్పులకు దుకాణంలో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ వంటి నొప్పి బిళ్ళల గురించి కూడా జాగ్రత్త. బి.పి., షుగరు ఉన్నవారు వాటిని తరచుగా మింగితే మూత్రపిండాలు పాడవుతాయి.

వాన, గాలి

నవంబరు, డిసెంబరు మన జిల్లాకు తుఫానుల కాలం. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు, జాతీయ రహదారి దెబ్బతిని రాకపోకలు ఆగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటప్పుడు మందుల దుకాణానికి సరుకు రాదు, వచ్చినా మీరు చేరలేరు. అక్టోబరు చివరికల్లా పదిహేను రోజుల మందులు అదనంగా ఇంట్లో ఉండాలి. చీటీలు, రిపోర్టులు, కొంచెం మందు ఒక ప్లాస్టిక్ సంచిలో కట్టి మేకుకు తగిలించండి. తుఫాను షెల్టరుకు వెళ్ళవలసి వస్తే దుప్పటి కంటె ముందు అది తీసుకోండి.

కరెంటు పోతే ఇన్సులిన్ ఏమవుతుందని చాలామంది అడుగుతారు. తెరవని సీసా ఫ్రిజ్‌లో ఉండాలి, కాని మంచు పెట్టె భాగంలో కాదు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. వాడుతున్న సీసా చల్లని చోట సుమారు నాలుగు వారాలు బాగుంటుంది. ఫ్రిజ్ లేనివారు పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ పెట్టి, దానిలో మూత ఉన్న డబ్బాలో సీసాను ఉంచితే చాలు. ఇసుక ఆరకుండా చూసుకోవాలి.

రోగికి వాంతులు, విరేచనాలు, జ్వరం వచ్చిన రోజు కూడా ఒక చిక్కు ఉన్నది. ఏమీ తినలేదని ఇన్సులిన్ పూర్తిగా ఆపకూడదు. కొన్ని షుగరు, బి.పి. మాత్రలు మాత్రం ఆ రెండు రోజులు ఆపవలసి రావచ్చు. ఏవి ఆపాలో మీరే నిర్ణయించకుండా ఫోను చేసి అడగండి.

ఇంత చేసినా ఒకనాడు మూతి పక్కకు పోవచ్చు, ఒక చేయి పడిపోవచ్చు, మాట ముద్దగా రావచ్చు. అప్పుడు పావురం రక్తం పూయడానికి, నాటుమందుకు పరుగెత్తకండి. మెదడులో అడ్డుపడిన గడ్డను కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి, అదీ స్కానింగు చేసిన తరువాత. మైపాడు నుండి నెల్లూరు ఇరవై కిలోమీటర్లకు పైనే. 108కి ఫోను చేసి, స్కానింగు ఉన్న ఆసుపత్రికే తీసుకువెళ్ళండి. ఆయన చివరిసారి బాగా ఉన్నది ఎన్ని గంటలకో గుర్తు పెట్టుకుని చెప్పండి. అందరికంటె ముందు డాక్టరు అడిగేది అదే.

ఈసారి ఓ.పి.కి వచ్చేటప్పుడు మాత్రల పేర్లు గుర్తు పెట్టుకుని రానక్కరలేదు. ఖాళీ అయిన అట్టలు, సగం వాడిన అట్టలు, ఆర్.ఎం.పి. ఇచ్చినవి, చుట్టాలు ఇచ్చినవి, అన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకురండి. మూడు నెలల సగటు షుగరు పరీక్ష, సంవత్సరానికి ఒకసారి కంటి వెనుక పొర పరీక్ష, మూత్రపిండాల పరీక్ష ఎప్పుడు చేయించారో ఆ తేదీలు కూడా చూస్తాము. రోగి రాలేకపోతే మీరొక్కరే అయినా ఆ సంచితో రండి.