తరగతి గదిలో నిమ్మళపు మూల

శ్రీకాకుళం, విజయనగరం: బడి గంట మోగగానే ఒక పిల్లవాడు రెండు చెవులూ మూసుకొని బల్ల కింద దూరుతాడు. మరొకడు పది నిమిషాలైనా కుదురుగా కూర్చోలేక పక్కవాడిని నెడుతుంటాడు. ఇటువంటి వారిని మొండివారనో, పెంకివారనో అనడం పరిపాటి. గోడకుర్చీ వేయించడం, గది బయట నిలబెట్టడం కూడా కొత్త కాదు. నిజానికి వీరిలో కొందరికి కావలసింది కొద్ది నిమిషాల ప్రశాంతత. అందుకోసం తరగతి గదిలోనే కాస్త చోటు కేటాయించే పద్ధతి పలు దేశాల్లో ఉంది. పెద్దగా ఖర్చు లేకుండా మన పల్లె బడుల్లోనూ దీనిని అమర్చుకోవచ్చు.

చప్పుడే శిక్ష

కన్ను, చెవి, చర్మం మోసుకొచ్చే సమాచారాన్ని మెదడు వడగట్టి, అవసరమైన దానినే పట్టించుకుంటుంది. ఆటిజం, ఏకాగ్రత లోపం ఉన్న పిల్లల్లో చాలామందికి ఈ వడపోత మరోలా సాగుతుంది. రేకుల కప్పుపై వాన, ఇనుప పట్టాముక్కతో కొట్టే గంట, భోజనవేళ స్టీలు కంచాల మోత వారికి భరించరానివి కావచ్చు. కొందరిది ఇందుకు విరుద్ధం. ఎంత కదిలినా, ఎంత తాకినా వారికి చాలదు. అమెరికాకు చెందిన జీన్ ఎయిర్స్ 1972లో వెలువరించిన గ్రంథంతో ఈ విషయం విస్తృతంగా చర్చకు వచ్చింది. ఆ దశాబ్దంలోనే నెదర్లాండ్స్‌లో మసక వెలుగు, మెత్తని పరుపులతో ‘స్నూజలెన్’ గదులు మొదలయ్యాయి.

ఈ లక్షణాలు లేని పిల్లలకూ ఇటువంటి చోటు ఉపకరిస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ను, 2018 అక్టోబరు 11న పలాస వద్ద తీరం దాటిన తిత్లీని చూసిన ప్రాంతమిది. తుపాను గాలి హోరుకు బెదిరిన పిల్లవాడికి నిమ్మళించేందుకు ఒక చోటు ఉండటం మంచిదే కదా.

గోగునార చాప చాలు

తలుపుకు, గంటకు దూరంగా ఉన్న మూలను ఎంచుకోవాలి. మన ప్రాంతంలో దొరికే గోగునార పట్టా పరచి, మెత్తని దిండు వేసి, లేతరంగు నూలుగుడ్డను అడ్డుగా కట్టాలి. లోపలి పిల్లవాడు ఉపాధ్యాయునికి కనిపిస్తూనే ఉండాలి. పిసకడానికి గుడ్డ బంతి, తడమడానికి కొబ్బరిపీచు, నునుపైన కొయ్యబొమ్మ, చూడటానికి ఇసుక గడియారం సరిపోతాయి. చింతపిక్కలు, గోళీలు వద్దు. చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటారు. రంగురంగుల దీపాలూ అనవసరం. గోడనిండా పటాలు అతికించి దానినే ప్రశాంత స్థలమంటే ప్రయోజనం ఉండదు.

సామగ్రి కన్నా నియమం ముఖ్యం. ఆ మూల శిక్ష కాకూడదు, బహుమతీ కాకూడదు. పిల్లవాడు కోరినప్పుడు వెళ్లాలి, అయిదు పది నిమిషాల్లో తిరిగి పాఠంలోకి రావాలి. ఎలా వాడుకోవాలో అతడు స్థిమితంగా ఉన్నప్పుడే చూపించాలి. ఏడుస్తున్న సమయంలో చెబితే తలకెక్కదు.

బరువైన కోట్లు, దుప్పట్లు వేస్తే పిల్లలు కుదురుకుంటారన్న ప్రచారం ఉంది. తరగతిలో వాటి ప్రయోజనానికి పరిశోధనల ఆధారం బలహీనం. చిన్నపిల్లల ఊపిరికి ప్రమాదం కూడా. నిపుణుల సలహా లేకుండా వాటి జోలికి పోరాదు.

చట్టం అండ

2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ బడిలో శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో ఆటిజం ఉంది. విద్యార్థి అవసరానికి తగిన సర్దుబాట్లు చేయడం విద్యాసంస్థ బాధ్యతని కూడా ఆ చట్టం చెబుతోంది. కాబట్టి తల్లిదండ్రులు ఈ ఏర్పాటును దయగా కాక, హక్కుగానే అడగవచ్చు. సమగ్ర శిక్ష కింద మండలాల్లో నడిచే భవిత కేంద్రాల ప్రత్యేక ఉపాధ్యాయులను సంప్రదించవచ్చు.

చెవులు మూసుకునే పిల్లలందరికీ ఇదే కారణం అనుకోరాదు. చెవిలో చీము, నొప్పి ఉన్నా అలాగే చేస్తారు. ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చెవి చూపించాలి.