చంపనివాడికి అంటిన పాపం ఏది?

2012 ఏప్రిల్‌లో ఉస్మానియా యూనివర్సిటీ విద్యార్థులు పెద్దకూర పండుగ జరిపినప్పుడు ఎదురైన మొదటి అభ్యంతరం మత విశ్వాసం. దాని వెనకే వచ్చే రెండో ప్రశ్న మన విద్యార్థులకు హాస్టళ్లలో, క్లాసుల్లో నేటికీ ఎదురవుతోంది: "మీ హక్కు సరే, మరి జీవహింస సంగతేంటి?" ఇది దాటేయాల్సిన ప్రశ్న కాదు. అయితే జవాబు చెప్పే ముందు హింసనూ మైలనూ విడదీసి చూడాలి.

'ది అన్‌టచబుల్స్' (1948)లో అంబేడ్కర్ చేసిన పని అదే. పూర్వం బ్రాహ్మణులూ ఆవు మాంసం తిన్నారని ఆయన వారి గ్రంథాల నుంచే చూపించారు. బౌద్ధంపై పైచేయి సాధించడానికే వాళ్లు మాంసం మాని గోపూజకు దిగారని, చచ్చిన గొడ్డును తింటూ ఉండిపోయిన పేదలు అంటరానివాళ్లయ్యారని వాదించారు. ఈ సిద్ధాంతంపై చరిత్రకారుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. కానీ అది లేవనెత్తే ప్రశ్న అలాగే ఉంది. చచ్చిన గొడ్డును తిన్నవాడు దేన్నీ చంపలేదు. హింసే పాపమైతే అతనికి అంటే పాపమేముంది? మరోవైపు మనుస్మృతి ఐదో అధ్యాయం యజ్ఞంలో చేసే వధను వధగానే లెక్కించదు. చంపినవాడు పవిత్రుడు, చంపనివాడు అంటరానివాడు. ఇక్కడ తూకం వేసింది జంతువు బాధను కాదు, మనిషి పుట్టుకను.

ఇది పాతకాలపు ముచ్చట కాదు. 2016 జులైలో గుజరాత్‌లోని ఉనాలో దళిత యువకులను కట్టేసి కొట్టారు. వాళ్లు తీస్తున్నది చచ్చిన ఆవు తోలు. మరుసటి నెలలోనే తూర్పు గోదావరి జిల్లా అమలాపురంలో కరెంటు షాక్‌తో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళిత అన్నదమ్ములపై దాడి జరిగింది. రెండు చోట్లా వాళ్లు ఆవును చంపలేదు.

తెలంగాణలో 98 శాతానికి పైగా జనం మాంసాహారులని 2014 నాటి కేంద్ర ప్రభుత్వ నమూనా నమోదు సర్వే చెప్పింది. కోడికూర వండితే పక్కింటివాళ్లు తలుపులు వేసుకోరు. ఇల్లు అద్దెకు అడిగినప్పుడు ఆరా తీసేది పెద్దకూర గురించే. గొంతు తెగేటప్పుడు ఆవుకున్న నొప్పే గేదెకూ, మేకకూ ఉంటుంది. ఒక్క ఆవు దగ్గరే పుట్టే కరుణను కరుణ అనలేం.

అలాగని జీవకారుణ్యం మనకు పరాయిది కాదు. బుద్ధుడు భిక్షువులకు మాంసాన్ని పూర్తిగా నిషేధించలేదు. తమ కోసం చంపారని చూసినా, విన్నా, అనుమానించినా తినొద్దన్నాడు. అక్కడ ప్రశ్న హింస గురించే, తినేవాడి కులం గురించి కాదు. 1927లో మహద్‌లో అంబేడ్కర్ చచ్చిన గొడ్డు మాంసం మానేయమన్నది కూడా గోవు పవిత్రమని కాదు, ఆత్మగౌరవం కోసం. 1956లో ఆయన చేయించిన 22 ప్రతిజ్ఞల్లో సకల జీవులపై కరుణ కూడా ఉంది.

కాబట్టి జంతువు బాధ గురించి నిజాయితీగా అడిగేవారితో కూర్చుని మాట్లాడదాం. ఆ చర్చలోకి బిర్యానీ రావాలి, గుడ్డు రావాలి, పాలు ఇవ్వలేని మగదూడ ఎక్కడికి పోతుందన్న ప్రశ్నా రావాలి. అందరి కంచాలూ పెట్టాక మన కంచమూ పెడదాం. మన గిన్నె మూత మాత్రమే ఎత్తి చూసేవాళ్లు వెతుకుతున్నది హింసను కాదు, కులాన్ని.