డంప్ వాల్వ్ పెడితే కారు పవర్ పెరుగుతుందా? కొనే ముందు ఇవి తెలుసుకోండి

గేర్ మార్చగానే "ప్ష్‌ష్‌" మని సౌండ్ చేసే కార్లను రీల్స్‌లో మీరు చూసే ఉంటారు. ఆ సౌండ్ డంప్ వాల్వ్‌ది. దీన్నే బ్లో ఆఫ్ వాల్వ్ అని కూడా అంటారు. టర్బో పెట్రోల్ కారు కొన్న నా ఫ్రెండ్స్‌లో చాలామంది అడిగే మొదటి ప్రశ్న కూడా దీని గురించే: "ఇది పెట్టిస్తే పికప్ పెరుగుతుందా?"

సమాధానం ముందే చెప్పేస్తా. పెరగదు. సౌండ్ వస్తుంది, అంతే. కొన్ని కార్లలో ఆ సౌండ్ కోసం ఇంజిన్‌నే ఇబ్బంది పెట్టాల్సి వస్తుంది. ఎందుకో చూద్దాం.

అసలు ఇది ఏం చేస్తుంది?

టర్బో అంటే ఎగ్జాస్ట్ గ్యాస్‌ల తోపుతో తిరిగే చక్రం. నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతూ, గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపుతుంది. మీరు యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే థ్రాటిల్ మూసుకుంటుంది. టర్బో మాత్రం ఆ క్షణంలోనే ఆగిపోదు కదా! అది నొక్కిన గాలికి ముందుకు దారి లేక, వెనక్కి వచ్చి కంప్రెసర్ చక్రాన్నే తోస్తుంది. దీన్నే కంప్రెసర్ సర్జ్ అంటారు. ఆ గాలికి పక్కదారి చూపించడమే డంప్ వాల్వ్ పని.

ఇక్కడ ఒక పాయింట్ గమనించండి. యాక్సిలరేటర్ నొక్కి ఉన్నంతసేపూ ఈ వాల్వ్ మూసే ఉంటుంది. అంటే పవర్ కావాల్సిన టైమ్‌లో దానికి పనే లేదు. అలాంటప్పుడు పవర్ ఎలా పెరుగుతుంది?

ఒక్క సందర్భం మాత్రం వేరు. కంపెనీ ఇచ్చే వాల్వ్‌లలో చాలావాటి లోపల రబ్బరు డయాఫ్రమ్ ఉంటుంది. ఏళ్ల తరబడి వేడి తగిలి అది గట్టిపడి, చిరిగితే బూస్ట్ లీకవుతుంది. అప్పుడు కొత్త వాల్వ్ వేస్తే పోయిన పవర్ తిరిగి వస్తుంది. అది రిపేరే గానీ అప్‌గ్రేడ్ కాదు.

బయటికి వదలాలా, లోపలికే పంపాలా?

కంపెనీ వాల్వ్ ఆ గాలిని మళ్లీ ఇన్‌టేక్ పైపులోకే పంపుతుంది. అందుకే సౌండ్ పెద్దగా రాదు. బయట కొనే డంప్ వాల్వ్ దాన్ని నేరుగా బయటికి వదిలేస్తుంది. మీ కారుకు ఇది పడుతుందా లేదా అన్నది ఒక చిన్న సెన్సర్ మీద ఆధారపడి ఉంటుంది.

మాఫ్ సెన్సర్ ఉన్న కార్లు ఎయిర్ ఫిల్టర్ దాటగానే గాలిని లెక్కపెట్టేస్తాయి. ఆ లెక్క ప్రకారమే ఈసీయూ పెట్రోల్ పంపుతుంది. లెక్కలోకి వచ్చిన గాలిని మీరు మధ్యలో బయటికి వదిలేస్తే, పెట్రోల్ మాత్రం పూర్తిగా పడుతుంది. ఫలితంగా గేర్ మార్చినప్పుడు కుదుపు, ఎగ్జాస్ట్‌లో నల్ల పొగ. ఇలాగే నడిపితే కెటలిటిక్ కన్వర్టర్‌కు కూడా దెబ్బే. మ్యాప్ సెన్సర్‌తో మాత్రమే నడిచే కార్లు మానిఫోల్డ్‌లో ప్రెజర్ చూసి లెక్క వేస్తాయి కాబట్టి వాటికి ఈ బాధ చాలా తక్కువ.

ఇక డీజిల్ కార్లు. వాటిలో పవర్‌ను కంట్రోల్ చేసేది ఇంధనం, థ్రాటిల్ కాదు. కాలు తీసినా గాలికి దారి మూసుకుపోదు. కాబట్టి డీజిల్‌కు అమ్మే డంప్ వాల్వ్ కిట్లు కేవలం సౌండ్ కోసమే. నా సలహా: వద్దు.

ఫిట్టింగ్ ఎలా ఉంటుంది?

మన దగ్గర ఒకప్పుడు అమ్మిన మొదటి తరం స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్‌ను ఉదాహరణగా తీసుకుందాం. 1.8 లీటర్ టర్బో పెట్రోల్, మాఫ్ సెన్సర్ ఉన్న కారు. వాల్వ్‌కు రెండు పెద్ద హోస్‌లు, ఒక సన్నని వాక్యూమ్ హోస్ ఉంటాయి. దీనికి బయటికి వదిలే రకం కాకుండా, గాలిని లోపలికే పంపే మెటల్ పిస్టన్ వాల్వ్ తీసుకోవడమే తెలివైన పని. ఫోర్జ్, టర్బోస్మార్ట్, జీఎఫ్‌బీ లాంటి బ్రాండ్లు ఇలాంటివి చేస్తాయి.

1. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టండి.
2. విప్పే ముందు పాత వాల్వ్ ఏ వైపు తిరిగి ఉందో ఫోన్‌తో ఫొటో తీసుకోండి.
3. పాత వాక్యూమ్ హోస్ పగుళ్లిచ్చి ఉంటే దాన్నీ మార్చేయండి. కొత్త వాల్వ్ పెట్టినా ఈ హోస్ లీకైతే అది సరిగ్గా తెరుచుకోదు.
4. స్ప్రింగ్ గట్టిదనం మీ బూస్ట్‌కు తగినట్టు ఉండాలి. మరీ గట్టిదైతే వాల్వ్ ఆలస్యంగా తెరుచుకుంటుంది.

కొత్త కార్లలో పని ఇంత తేలిక కాదు. చాలావాటిలో వాల్వ్ టర్బోకే బిగించి ఉంటుంది, దాన్ని ఈసీయూనే ఎలక్ట్రిక్‌గా తెరుస్తుంది. కాబట్టి మీ మోడల్ కోసమే చేసిన కిట్ కాకపోతే ముట్టుకోవద్దు.

ఫోన్‌తోనే చెక్ చేసుకోండి

బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్, ఒక యాప్ ఉంటే చాలు. ఫిట్టింగ్‌కు ముందు, తర్వాత ఫ్యూయల్ ట్రిమ్ రీడింగ్స్ స్క్రీన్‌షాట్ తీసి పోల్చండి. ఐడిల్‌లో ట్రిమ్ ప్లస్ వైపు బాగా పెరిగితే లెక్కలోకి రాని గాలి ఎక్కడి నుంచో లోపలికి వస్తున్నట్టే. పీ0171 కోడ్ వస్తే మిశ్రమంలో పెట్రోల్ తక్కువైందని, పీ0172 వస్తే ఎక్కువైందని అర్థం. పీ0299 అంటే బూస్ట్ రావాల్సినంత రావట్లేదని. ఏది వచ్చినా ముందు క్లిప్పులు, హోస్‌లు మళ్లీ చూడండి.

వారంటీ, చలాన్ల సంగతి

వారంటీలో ఉన్న కారైతే నా మాట ఒక్కటే: ఆగండి. తర్వాత టర్బోకు సమస్య వస్తే క్లెయిమ్ తిరస్కరించడానికి ఈ మార్పు ఒక్కటి చాలు. మోటారు వాహనాల చట్టం 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పుకు, ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. శబ్ద నిబంధనలు దాటితే 190 సెక్షన్ వేరే ఉంది.

చివరగా నా తీర్పు: కంపెనీ వాల్వ్ బాగుంటే దాన్ని వదిలేయండి. లీకైతే లోపలికే పంపే మంచి వాల్వ్ వేయించండి. పికప్ కోసమే డబ్బు పెట్టాలనుకుంటే ముందు మంచి టైర్లు, టైమ్‌కు స్పార్క్ ప్లగ్‌లు మార్పించండి. రీల్‌లో సౌండ్ రాదు కానీ, రోడ్డు మీద తేడా మాత్రం మీకే తెలుస్తుంది.